జౌ పాత్రలో నాలుగు మచ్చలు

“స్వర్గమే ఆజ్ఞ ఇచ్చిందని రాసినవాళ్లు ఎవరు, డాక్టర్ విట్‌కోమ్? ఓడినవాళ్లా, గెలిచినవాళ్లా?”

దొంగతనం గురించి అడగడానికి వచ్చిన ప్రైవేటు డిటెక్టివు మూడు వేల ఏళ్ల కిందటి యుద్ధంతో మొదలుపెడతాడని విన్‌ఫీల్డ్ మ్యూజియం క్యూరేటర్ ఊహించలేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“గెలిచినవాళ్లే. చైనాలో జౌ రాజులు. షాంగ్ వంశాన్ని కూలదోసిన తరువాత వాళ్లు చెప్పుకున్న మాట అది. దానికీ మా ల్యాబులో నళిని చేసిన పనికీ సంబంధం ఏమిటి?”

“చేసిందని మీరు అంటున్న పనికి,” అని కృష్ణమోహన్ సవరించాడు. “పోయిన వస్తువు ఏమిటో అర్థం కాకుండా, దాన్ని తీసినవాడు ఎవడో చెప్పే శక్తి నాకు లేదు.”

డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీ ఫౌండ్రీలో, పోత పోసిన ఇంజిన్ బ్లాకులు ఎందుకు పగులుతున్నాయో కనిపెట్టడం ఇరవై ఏళ్లపాటు ఆయన వృత్తి. మాంద్యం ఆ ఉద్యోగాన్ని మింగేసింది. లోపం ఎక్కడుందో వెతికే అలవాటు మాత్రం పోలేదు. 1982 జనవరి నాటికి రెండేళ్లుగా ఆ అలవాటు మీదే బతుకుతున్నాడు. దేవుణ్ణీ, జాతకాన్నీ, పెద్దమనుషుల మాటనూ ఒకే వరసలో నిలబెట్టి రుజువు అడిగే మనిషి. అందువల్ల డెట్రాయిట్ శివారు నోవైలోని తెలుగువాళ్లలో ఆయనకు గౌరవం ఎక్కువ, భోజనాలకు పిలుపులు తక్కువ.

విట్‌కోమ్ గోడ మీది ఫోటో వైపు చెయ్యి చూపించాడు. పోయింది అదే, రెండు చెవుల కంచు పాత్ర. లోపలి అడుగుభాగాన ముప్పైకి పైగా చైనా అక్షరాలు.

“స్వర్గం ఆజ్ఞ మేరకు రాజు తెల్లవారుజామున షాంగ్‌ను ఓడించాడనీ, తనకు కంచు బహూకరించాడనీ, దానితో తండ్రి పేర ఈ పాత్ర చేయించాననీ ఒక అధికారి రాసుకున్నాడు. అది ఏ రోజో కూడా చెప్పాడు. షాంగ్ పతనం ఏ ఏడాది జరిగిందో పండితులు వందేళ్ల తేడాతో కొట్టుకుంటున్నారు. ఈ పాత్ర ఆ తగవు తీరుస్తుంది. వసంతంలో రావలసిన నా పుస్తకం నిలబడింది దీని మీదే.”

“షాంగ్ చివరి రాజు తాగుబోతు, క్రూరుడు. అవునా?”

“గ్రంథాలు అలాగే చెబుతాయి.”

“వాళ్లకు ముందున్న షియా వంశపు చివరి రాజు?”

విట్‌కోమ్ పెదవుల మీదికి నవ్వు రాబోయి ఆగింది. “అతనూ తాగుబోతే. అతనూ క్రూరుడే.”

“షియా వంశం నిజంగా ఉందో లేదో తవ్వకాలు ఇంకా తేల్చలేదు. వాళ్ల చివరి రాజు ఎంత తాగేవాడో మాత్రం తేలిపోయింది. తరువాత జౌ వాళ్ల వంతు వచ్చింది. రాజధాని పోగొట్టుకుని తూర్పుకు పారిపోయారు, కొన్ని వందల ఏళ్లు పేరుకు మాత్రమే రాజులు. చివరికి చిన్ వంశం అందరినీ మింగి, పదిహేనేళ్లకే తానూ కూలిపోయింది. ప్రతిసారీ ఎవరో ఒకరి సైన్యం గెలిచేదాకా స్వర్గం ఎవరి పక్షమో చెప్పకుండా ఆగుతుంది. అంత జాగ్రత్తపరుడైన దేవుణ్ణి నేను నమ్మను, డాక్టర్. అలాంటి మాట కంచు మీద కనిపిస్తే, అది ఎవరికి లాభమో ముందు అడుగుతాను.”

“మూడు వేల ఏళ్ల కంచును మీరు సాక్షిలాగా బోనులో నిలబెడుతున్నారు.”

“సాక్షి ముసలివాడైనంత మాత్రాన అబద్ధం చెప్పడని లేదు. శనివారం ఏం జరిగింది?”

విట్‌కోమ్ ఇష్టం లేకుండానే, పొల్లుపోకుండా చెప్పాడు. కంచు పాత్రలన్నింటికీ వరసగా ఎక్స్‌రే తీయమని నళినికి తానే పురమాయించాడు. శనివారం ఈ పాత్ర వంతు. ఆమె నాలుగున్నరకు ఇంటికి వెళ్లింది. ఐదింటికి ఆయన తొంగిచూసినప్పుడు పాత్ర ఎక్స్‌రే బల్ల మీదే ఉంది. ఆదివారం ఉదయం గార్డు తలుపు తీస్తే లేదు. తాళం పగలలేదు, అలారం మోగలేదు.

“తాళంచెవులు ఎందరి దగ్గర ఉన్నాయి?”

“నా దగ్గర, నళిని దగ్గర. మూడోది తనిఖీల కోసం ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర.”

“పాత్రతోపాటు ఎక్స్‌రే ఫిల్ము కూడా పోయింది.”

“అక్కడే ఆ అమ్మాయి దొరికిపోయింది. మామూలుగా ఫిల్ములు సోమవారం కడుగుతుంది. ఈ ఒక్కదాన్ని శనివారమే కడిగి ఆరబెట్టానని తానే చెప్పింది. ఆ సంగతి నాకు కూడా తెలియదు. ఎవరితోనైనా చెప్పావా అని పోలీసు లెఫ్టినెంట్ అడిగితే, ఎవరికీ చెప్పలేదని స్టేట్‌మెంట్ ఇచ్చి సంతకం పెట్టింది. లోపల చీకటిగదిలో ఆరుతున్న ఫిల్ము సంగతి ఆమెకు తప్ప లోకంలో ఎవరికీ తెలియనప్పుడు, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి తీసుకుపోయింది ఎవరు?”

కృష్ణమోహన్ గోడగడియారం వైపు చూశాడు. లెఫ్టినెంట్ బ్రేడీ వారెంటుతో ఈ సోమవారం పదకొండింటికే వస్తున్నాడు. ఆరో ఏట తల్లిదండ్రులతో ఈ దేశం వచ్చిన నళినికి ఇరవై మూడేళ్లు. పౌరసత్వం ఇంటర్వ్యూ వచ్చే నెల. దొంగతనం కేసు నమోదైతే ఆ ఇంటర్వ్యూ ఉండదు, ఇంకే మ్యూజియం గుమ్మమూ ఆమె తొక్కదు. జైలు సంగతి ఆ తరువాత.

“ఎక్స్‌రే గది చూస్తాను,” అని ఆయన లేచాడు.

గది గుమ్మంలోనే ఒంటె రంగు ఓవర్‌కోటు అడ్డం నిలిచింది. కోటులో ఉన్నవాడు రాజ్. ఇన్సూరెన్స్ కంపెనీలో కళాఖండాల విభాగపు ముఖ్య పరిశోధకుడు, నలభై నాలుగేళ్లవాడు, కంపెనీ తరఫున ఈ కేసు అతనిదే. అతని వెనక స్టూలు మీద కూర్చున్న నళిని, కళ్లు వాచి ఉన్నా తల ఎత్తే ఉంది.

“కృష్ణమోహన్ గారూ! ఇంజిన్ బ్లాకులు అయిపోయి అంట్లగిన్నెల్లోకి దిగారా?”

“గిన్నె పోయినచోట గిన్నె గురించే అడగాలి కదా, రాజ్.”

“అడగడానికి ఏం మిగల్లేదు సార్. కేసు క్లోజ్ అయిపోయింది. మన అమ్మాయే, నాకూ కష్టంగానే ఉంది. కానీ ఎవిడెన్స్ ఈజ్ ఎవిడెన్స్.”

“మన అమ్మాయి అని నోటితో అంటున్నావు. లెఫ్టినెంట్‌కి ఇచ్చిన రిపోర్టులో దొంగ అని రాశావట.”

రాజ్ నవ్వు చెక్కుచెదరలేదు. “ఒక మంచిమాట చెప్తా వినండి. పాత్ర ఎక్కడ దాచిందో చెప్పమనండి. వస్తువు దొరికిందంటే కంపెనీ చార్జెస్ డ్రాప్ చేసేలా నేను చూసుకుంటా. చిన్నపిల్ల, ఏదో టెంప్ట్ అయింది. ఏమ్మా నళినీ?”

“నేను తీయలేదు అంకుల్!” నళిని స్టూలు మీంచి లేచింది. “హౌ మెనీ టైమ్స్ చెప్పాలి? చెయ్యని పని చేసాను అని చెప్పను. ఐ వోంట్ సే ఇట్. జైలుకి పంపిస్తే పంపించండి.”

“చూశారా, మొండితనం! వీళ్ల నాన్న రామమోహన్ పోలికే.”

“మొండితనమే ఆమెను కాపాడుతోంది,” అన్నాడు కృష్ణమోహన్. “చేయని దొంగతనం ఒప్పుకుంటే క్షమిస్తాననడం దయ కాదు, బేరం. ఆ బేరం మాకు అక్కర్లేదు. తప్పుకో, గది చూడాలి.”

“నాకు తెలియకుండా లోపల్నించి ఒక్క కాగితం కూడా బయటికి పోకూడదు సార్.”

“కంపెనీ ఆజ్ఞా, స్వర్గం ఆజ్ఞా?”

రాజ్‌కు ఆ మాట అర్థం కాలేదు. భుజాలు ఎగరేసి, లెఫ్టినెంట్ కోసం ముందు హాలు వైపు వెళ్లిపోయాడు.

ఎక్స్‌రే గదిలో చూడవలసింది ఎక్కువ లేదు: ఖాళీ బల్ల, దాని మీదికి వంగిన యంత్రం, మూలన, వెలుతురు తగలకుండా ఫిల్ము ఉంచే పలకల్లాంటి క్యాసెట్లు పెట్టే సీసపు పెట్టె. పక్కనే ఫిల్ములు కడిగే చీకటిగది. దానంతట అదే పడిపోయిన లోపలి గడియ, ఆదివారం పోలీసులు ఆ తలుపును తోసినప్పుడు విరిగింది. దాని ముక్క ఇంకా నేల మీదే పడి ఉంది.

చీకటిగదిలో తీగకు వరసగా క్లిప్పులు వేలాడుతున్నాయి. కృష్ణమోహన్ ఒక్కొక్క క్లిప్పు కింద వేలు పెట్టి చూస్తూ మూడోదాని దగ్గర ఆగాడు. దాని పళ్ల మధ్య వేలిగోరంత ఫిల్ము ముక్క ఇరుక్కుని ఉంది.

“శనివారం ఫిల్ము ఈ క్లిప్పుకే తగిలించావా?”

“అవును అంకుల్.”

“తీసేటప్పుడు ఎలా తీస్తావు?”

నళిని చెయ్యి దానంతట అదే పైకి లేచి క్లిప్పును రెండు వైపులా నొక్కింది. క్లిప్పు నోరు తెరిచింది.

“తీసినవాడు నొక్కలేదు, గుంజాడు. మూల చిరిగింది. రెండేళ్లుగా రోజూ ఈ పని చేసే చెయ్యి, దొంగతనానికి వచ్చినా అలవాటు కొద్దీ నొక్కే తీస్తుంది.”

“ఇది చాలా? బ్రేడీకి చెబుదామా?”

“చాలదు. కంగారులో గుంజావంటాడు. నేనైనా అదే అంటాను.” ఆయన ఆ ముక్కను అక్కడే ఉంచాడు. “నువ్వు నా ఆన్సరింగ్ మెషీన్‌లో పెట్టిన మెసేజి, క్లీవ్‌లాండ్ నుంచి తిరిగొచ్చాక నిన్న సాయంత్రం విన్నాను. అక్షరాల మధ్య నాలుగు చదరపు మచ్చలు కనిపించాయన్నావు. ఆ మచ్చలు నేను కళ్లతో చూడాలి.”

“ఎలా చూస్తారు? ఫిల్ము పోయింది కదా.”

“పోయింది ఒక ఫిల్ము. క్యాసెట్‌లో ఎన్ని పెట్టావు?”

నళిని కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి. కాలేజీ వేసవి సెలవులు రెండింటిని ఆమె కృష్ణమోహన్ ఫౌండ్రీ ల్యాబులోనే గడిపింది. దళసరి పోతకు ఎక్స్‌రే తీసేటప్పుడు ఒకే క్యాసెట్‌లో రెండు ఫిల్ములు, ఒకటి చురుకైనది, ఒకటి మందకొడిది, ఒకదాని మీద ఒకటి పెట్టడం అక్కడ నేర్చుకున్న పద్ధతి. లోహం మందంగా ఉన్నచోట మొదటిది పలుకుతుంది, పలచగా ఉన్నచోట రెండోది. ఆసుపత్రిలో ఎముకలు చూసేవాళ్లకు ఈ అవసరం రాదు.

“రెండు,” అంది నెమ్మదిగా. “మీరు చెప్పినట్టే. ఎప్పుడూ రెండే పెడతాను. ఫస్ట్ ఫిల్ములోనే అంతా క్లియర్‌గా వచ్చింది. సెకండ్‌ది మండే కడుగుదామని క్యాసెట్‌లోనే వదిలేసాను. పోలీస్ ఎన్ని ఎక్స్‌రేలు తీసావు అన్నారు, ఒకటి అన్నాను. ఒకటే కదా తీసాను! దేర్ వజ్ జస్ట్ వన్ ఎక్స్‌పోజర్. ఓ మై గాడ్, అంకుల్!”

“దేవుడి సంగతి తరువాత. ఏ క్యాసెట్?”

సీసపు పెట్టెలో నాలుగు క్యాసెట్లు ఒకే తీరుగా ఉన్నాయి. నళిని రెండోదాన్ని తీసింది. ఇద్దరూ చీకటిగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆమె స్విచ్చి నొక్కగానే లోపల ఎర్రటి దీపం వెలిగింది. లోపల పని జరుగుతోందని తెలియజేసే ఇంకో ఎర్రదీపం తలుపు బయట వెలిగింది.

ఫిల్ము మందులోకి దిగింది. మొదట ఏమీ లేదు. తరువాత పాత్ర అడుగుభాగపు గుండ్రటి నీడ, ఆ నీడలో అక్షరాల గీతలు, ఒక్కటొక్కటిగా పైకి తేలాయి. మరికాసేపటికి, ఆ గీతల కింద, స్పష్టమైన అంచులతో నాలుగు చదరపు మచ్చలు.

కృష్ణమోహన్ వంగి చాలాసేపు చూశాడు. ఇలాంటి మచ్చలు ఆయన జీవితంలో వేలకొద్దీ చూశాడు.

“చాప్లెట్లు,” అన్నాడు.

“అంటే?”

“మా ఫౌండ్రీలో నువ్వు చూశావు, మరిచిపోయావు. బోలుగా ఉండే వస్తువును పోత పోయాలంటే బయట ఒక అచ్చు, లోపల ఒక మట్టిగుండు కావాలి. రెంటి మధ్య సందులోకి కరిగిన లోహం పోస్తాం. గుండు పక్కకు జరిగితే సందు మూసుకుపోయి పాత్రకు చిల్లు పడుతుంది. జరగకుండా సందులో చిన్న చిన్న లోహపు ముక్కలు ఆసరాగా పెడతాం. పోత పోశాక అవి గోడలోనే ఉండిపోతాయి. కంటికి కనిపించవు, ఎక్స్‌రేలో కనిపిస్తాయి. జౌ కాలపు కంచరీ అదే పని చేశాడు.”

“సో పాత్ర అసలుదే?”

“పాత్ర అసలుదే. అక్షరాలు చూడు. ఆ కాలంలో అక్షరాలను ముందు మట్టిగుండు మీద దిద్దేవాళ్లు. పాత్రా అక్షరాలూ ఒకే పోతలో పుట్టేవి. అంత కష్టపడి దిద్దిన రాత మీద ఏ పనివాడైనా ఆసరా ముక్కను పెడతాడా? పెడితే రాత నలిగిపోతుంది. ముక్కలను రాతకు దూరంగా, ఖాళీ చోట పెడతాడు. ఇక్కడ నాలుగూ సరిగ్గా అక్షరాల కిందే ఉన్నాయి. గీతలు వాటి మీదుగా, తమ దారికి ఏ అడ్డూ లేనట్టు సాగిపోయాయి.”

నళిని ఫిల్ము మీదికి వంగింది. “దే వర్ కట్ లేటర్. తర్వాత చెక్కారు.”

“చల్లారిన కంచు మీద, మన కాలంలోనే ఎవడో ఉలి పెట్టాడు. రాత లేని పాత్ర ఏ మ్యూజియంలోనైనా ఒక మూలన ఉంటుంది. షాంగ్ పతనాన్ని చెప్పే పాత్ర అయితే దాని కోసం గది కడతారు. స్వర్గం ఆజ్ఞను అమ్మకానికి—”

తలుపు దడదడలాడింది.

“కృష్ణమోహన్ గారూ! ఏం చేస్తున్నారు లోపల? తలుపు తీయండి!”

“ఫిక్సర్‌లో వెయ్యి,” అన్నాడు ఆయన మెల్లగా. నళిని ఫిల్మును ఎత్తి పక్క తొట్టెలో ముంచింది. ఆ మందు పూర్తిగా పట్టకముందు తెల్లని వెలుతురు తగిలితే ఫిల్ము మొత్తం నల్లబడిపోతుంది. కనీసం మూడు నిమిషాలు కావాలి. తలుపుకు గడియ లేదు.

కృష్ణమోహన్ తలుపుకు వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడ్డాడు.

“మూడు నిమిషాలు ఆగు, రాజ్. నేనే తీస్తాను.”

“ఇప్పుడే తీయాలి! ఎవిడెన్స్ టాంపర్ చేస్తున్నారు మీరు! బ్రేడీని పిలుస్తా!”

“పిలువు. ఆయన వచ్చేసరికి తీస్తాను.”

పిలవడానికి వెళుతున్న అడుగుల చప్పుడు వినబడలేదు. దానికి బదులు తలుపు మీద ఒక భుజం బలంగా పడింది. సన్నని వెలుతురు గీత నేల మీద మెరిసి, కృష్ణమోహన్ వీపు ఒత్తిడికి మళ్లీ ఆరిపోయింది. నళిని తన ఒంటిని తొట్టెకు అడ్డం పెట్టింది.

ఆయన ఆలోచిస్తున్నాడు. నిజాయితీగల పరిశోధకుడు అయితే మూడు నిమిషాలు ఆగుతాడు. ఆగలేనివాడికి లోపల ఏం జరుగుతోందో తెలుసు. చీకటిగదిలో కడుగుతున్నది ఏ ఫిల్మో, దానిలో ఏం ఉంటుందో తెలుసు. కానీ ఫిల్ము సంగతి నళిని ఎవరికీ చెప్పలేదు. సంతకం పెట్టి మరీ చెప్పింది. ఎవరికీ...

అప్పుడు ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది. ఉదయం నుంచి ఆ స్టేట్‌మెంటులో పగులు వెతుకుతున్నాడు. పగులు ఆయనే.

“నళినీ, ఫిల్ము సంగతి ఎవరికీ చెప్పలేదని బ్రేడీతో అన్నావు. నాకు చెప్పావు కదా?”

“మీరు...” ఆమె తడబడింది. “మీరు అంకుల్ కదా. వాళ్లు అడిగింది మ్యూజియం పీపుల్, ఫ్రెండ్స్, అలాంటి వాళ్లని అనుకున్నాను. మీకు చెప్పడం అంటే ఇంట్లో చెప్పినట్టే.”

“ఆ లెక్కలో నేను లేను. సరే. ఆ లెక్కలో లేని అంకుల్ ఇంకెవరు?”

తలుపు మీద భుజం మళ్లీ పడింది. ఎర్రని వెలుతురులో నళిని కళ్లు అటు తిరిగాయి.

“మీరు ఇంట్లో లేరు. అందుకే రాజ్ అంకుల్‌కి కూడా కాల్ చేసాను,” అంది గుసగుసగా. “ఈ పాత్ర అమ్మిన హాంకాంగ్ డీలర్‌ని మ్యూజియంకి తెచ్చింది ఆయనే. పాత్ర జెన్యూన్ అని సర్టిఫై చేసిందీ ఆయనే. ఆయనకి తెలుస్తుంది అనుకున్నాను. ఈ జాబ్ ఇప్పించింది ఆయనే, అంకుల్. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయన.”

“నిన్నటి నుంచి నీ ఎదురుగా తిరుగుతూ, ఆ ఫోను మాట ఎత్తలేదే. నీకేమీ అనిపించలేదా?”

“ఆయన ఏమీ అనలేదు కాబట్టి ఇట్ డజంట్ మేటర్ అనుకున్నాను.”

“ఫోను ఎవరు ఎత్తారు?”

“ఆంటీ. రేణు ఆంటీ. ఎప్పుడూ ఆంటీయే ఎత్తుతుంది. అన్నం తిన్నావా, పెళ్లి ఎప్పుడు, అన్నీ అడిగాకే అంకుల్‌ని పిలుస్తుంది.”

కృష్ణమోహన్ చాలా రోజుల తరువాత చిన్నగా నవ్వాడు. గడియారం చూశాడు. నళిని ఫిల్మును ఎర్రదీపానికి ఎదురుగా ఎత్తింది. తెల్లటి పొర పూర్తిగా పోయింది. ఆయన తలుపు ముందు నుంచి తప్పుకున్నాడు.

తోస్తున్నవాడు తోసిన ఊపులోనే లోపలికి వచ్చి తొట్టెకు తట్టుకున్నాడు. ఆ గోలకు వరండాలోకి పరుగెత్తుకొచ్చిన విట్‌కోమ్, అప్పుడే వచ్చిన బ్రేడీ గుమ్మం అవతల నిలబడి ఉన్నారు.

“పడతావు, జాగ్రత్త,” అన్నాడు కృష్ణమోహన్, నీళ్లు కారుతున్న ఫిల్మును చేత్తో పట్టుకుని అతని పక్కనుంచి బయటికి నడుస్తూ.

విట్‌కోమ్ ఆఫీసు కిటికీ దగ్గర, మంచు మీంచి వచ్చే తెల్లని వెలుతురులో ఆయన ఫిల్మును పైకి పట్టుకుని, నళినికి చెప్పిందంతా ఇంగ్లీషులో మళ్లీ చెప్పాడు. విట్‌కోమ్ భూతద్దం తెచ్చుకున్నాడు. మొదటి మచ్చ చూశాడు, రెండోది, మూడోది. నాలుగోదాని దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. భూతద్దం దించేసరికి ఆ మనిషి పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు.

“నా పుస్తకం పోయింది,” అన్నాడు. తరువాత నిటారుగా నిలబడి, “లెఫ్టినెంట్, ఈయన చెప్పింది నిజం. ఆ రాత దొంగరాత. నా మాటగా రాసుకోండి.”

రాజ్ అప్పటికే సర్దుకున్నాడు. కోటు దులుపుకుంటూ ఇంగ్లీషులో అన్నాడు: “చాలా సంతోషం. అంటే పాత్ర విలువ తక్కువని ఆమెకు ముందే తెలుసు. ఆ రహస్యాన్ని అమ్ముకోవడానికే పాత్రనూ ఫిల్మునూ దాచింది. ఆమె స్టేట్‌మెంటు ఉండనే ఉంది. ఫిల్ము సంగతి ఇంకెవరికీ తెలియదు.”

బ్రేడీ లావాటి మనిషి, నిదానస్తుడు. తల ఊపాడు. “అది నిజమే.”

“మీరు కంపెనీ తరఫున చెబుతున్నారా, స్వయంగా తెలిసి చెబుతున్నారా?” అని కృష్ణమోహన్ రాజ్‌ను ఇంగ్లీషులోనే అడిగాడు. “శనివారం నళిని మీకు ఫోను చేసి ఈ మచ్చల గురించి చెప్పలేదా?”

“లేదు.”

“ఆ రోజు అసలు ఫోనే చేయలేదా?”

“చేయలేదు. కావాలంటే సంతకం పెడతాను.”

“అంకుల్!” అంది నళిని. అది అరుపు కాదు. పదిహేడేళ్లుగా పిలిచిన పిలుపు నోట్లోనే విరిగిన చప్పుడు.

“ఆమె మాటకు మీ మాట సమానం. ఎవరిది నిజమో తేల్చే మూడో మనిషి ఒకరున్నారు, లెఫ్టినెంట్. మీరు అనుమతిస్తే నళిని ఒక్క ఫోను చేస్తుంది. ఈ బల్ల మీద, అందరికీ వినబడేలా.” విట్‌కోమ్ టెలిఫోను పక్కనే, గదిలో అందరూ వినడానికి పెట్టుకునే స్పీకరు పెట్టె ఉంది.

నళిని నంబరు చూడకుండానే తిప్పింది. అది ఎవరి నంబరో మొదటి నాలుగు అంకెలకే గ్రహించిన రాజ్ ఒక్క అడుగు ముందుకు వేశాడు.

“నా భార్యను దీంట్లోకి లాగడానికి మీకు హక్కు లేదు!”

“ఫోను చేయడానికి హక్కు ఎందుకు?” అన్నాడు బ్రేడీ. ఆయన వెడల్పాటి అరచెయ్యి మెల్లగా రాజ్ ఛాతీ మీద ఆనింది.

రెండు రింగులు. ఖణీమని ఒక గొంతు గదిలోకి వచ్చింది.

“హలో? ఎవరూ?”

నళిని పెట్టెకు దగ్గరగా జరిగింది. అమాయకురాలిని అడుగుతున్నానన్న బాధ ఆమె ముఖంలో కనిపించింది. అయినా తల దించలేదు.

“ఆంటీ, నేను నళినిని. శనివారం నేను ఫోన్ చేసాను కదా...”

“నువ్వా తల్లీ! అవునే, నేనే నీకు చేద్దామనుకుంటున్నా. ఆరోజు నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక మీ అంకుల్ మనిషిలో మనిషిగా లేరు. కాఫీ కలిపి చేతికిస్తే తాగకుండానే కారేసుకుని వెళ్లిపోయారు. తిరిగొచ్చి, దుప్పట్లో చుట్టిందేదో గరాజ్‌లో ఫ్రీజర్ వెనకాల పెట్టారు. ముట్టుకోవద్దన్నారు. మీ మ్యూజియం సామానా అది? అక్కడ పైపు కారుతోందే, దుప్పటి అంతా తడిసింది. లోపలికి తీసి పెట్టనా?”

గదిలో ఆ మాటలు అర్థమైనవాళ్లు ముగ్గురే. రాజ్ ముఖంలో రంగు లేదు. బ్రేడీ ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురి ముఖాలూ చూశాడు.

“ఆమె ఏమంటోంది?”

“నేను నళిని తరఫు మనిషిని, లెఫ్టినెంట్. నా అనువాదం మీరు నమ్మకూడదు.” కృష్ణమోహన్ ఫిల్మును జాగ్రత్తగా కిటికీ గట్టు మీద ఆనించి, రాజ్ వైపు తిరిగి తెలుగులో అన్నాడు: “ఇన్సూరెన్స్ కంపెనీ నమ్మిన మనిషివి నువ్వే. చెప్పు రాజ్. నీ భార్య అన్నది, ఒక్క మాట మార్చకుండా, ఆయనకు ఇంగ్లీషులో చెప్పు.”

రాజ్ నోరు తెరిచాడు.

“హలో?” అంది పెట్టెలోంచి రేణు. “నళినీ, ఉన్నావా? మీ అంకుల్ అక్కడే ఉన్నారా? ఒకసారి ఇవ్వవే.”